మా బాపు నిద్రమాత్రలు వాడడు

దేశంలో ఎవరు ఏ మత్తుకు అలవాటు పడ్డారో ముందు లెక్క తీయాలి, ఆ లెక్కను బట్టి విధానం రాయాలి అని ఢిల్లీ వాళ్లకు బుద్ధి పుట్టింది. ఆ లెక్క తీసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. డిగ్రీ పాసై కరీంనగర్‌లో ఖాళీగా తిరుగుతుంటే కాంట్రాక్టు మీద తీసుకున్నారు. రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు మత్తు ఎంత చెడ్డదో చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు, దాంతో చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కలిసి తూగారు.

ప్రశ్నల కాగితాలు పెళ్లి పత్రికల కట్టంత ఉండేవి. "గత నెల రోజుల్లో కొకైన్ పీల్చారా?" అని ఆదిలాబాద్ పల్లెల్లో పత్తి ఏరి వచ్చిన ముసలమ్మలను అడిగాను. ఒక్క ప్రశ్న వదిలినా సూపర్‌వైజర్ కాగితం వెనక్కి కొట్టేవాడు. ఒకావిడ ఆశగా, "గది ఏ దుకాణంల దొరుకుతది బిడ్డా? మోకాళ్ల నొప్పులకు పనిచేస్తదా?" అంది. "లేదు" గడిలో టిక్కు పెట్టాను. గంజాయి గురించి అడిగితే, "మా ఊళ్లె గసొంటోళ్లు లేరు, పక్కూళ్లె ఉన్నరు" అన్నారు. పక్క ఊరికి పోతే వాళ్లు మొదటి ఊరి దిక్కు వేలు చూపించారు.

ఆ పని అయ్యాక, తర్వాత ఎవరు ఏ వీధికి పోవాలో చీట్లు తీస్తే నాకు మా వీధే వచ్చింది. కరీంనగర్‌కు గంట దూరంలో సాంచాల ఊరు మాది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సొంత ఇంటిని సర్వే చేయకూడదని నియమం. ఎండలో ఇంకో ఇల్లు వెతకడానికి బద్ధకమేసి మా ఇంట్లోనే కుర్చీ వేసుకున్నాను. బాపు అప్పుడే సాంచ ఆపి వచ్చి, కల్లు అమ్మే కంపౌండుకు పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"బాపూ, నిద్రమాత్రలు వాడుతవా?"

"జ్వరమొచ్చినా నేను గోలి మింగ."

"మత్తు పదార్థాలు?"

"థూ! నేను కల్లు తాగెటోన్ని. మత్తు గిత్తు నాకెందుకే?"

ఆయన అబద్ధమాడలేదు. మా దగ్గర కల్లు మత్తు కింద రాదు. చుట్టం వస్తే కల్లు, మనిషిని మట్టిచేసి వస్తే కల్లు. పోచమ్మకు సాక పోసేది కూడా కల్లే. అమ్మవారు పుచ్చుకునేదాన్ని మత్తు అనడానికి ఎవరికి నోరొస్తుంది? కాకపోతే ఊరంతా తాగేంత కల్లు ఇవ్వడానికి మా చుట్టుపక్కల అన్ని తాటిచెట్లు లేవు. సీసాల్లోకి వచ్చేది నీళ్లు, శాక్రిన్, నిద్రమందు పొడి. ఆ సంగతి కంపౌండు గోడలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా మద్యం గడిలో "కల్లు" అనీ, నిద్రమందుల గడిలో "లేదు" అనీ రాశాను. వీధిలో ఇళ్లన్నిటికీ అదే రాశాను. పోను పోను చెయ్యి తిరిగింది.

రిపోర్టు అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, బరువైన అట్ట. మా వైపు నిద్రమందుల బెడద దాదాపు లేదని అందులో ఒక పేరా. కరీంనగర్ మీటింగులో ఒక పెద్దసారు ఆ పేరా పైకి చదివి మమ్మల్ని మెచ్చుకున్నారు. సమోసాలు కూడా బాగున్నాయి.

కొన్నాళ్లకు ఆబ్కారీ వాళ్లు వచ్చి కల్తీ కల్లు అమ్ముతున్నారని కంపౌండుకు తాళం వేశారు. మంచిపనే. రోజూ తాగేవాళ్లకు రేపు ఏమవుతుందని మాత్రం ఎవరికీ తోచలేదు. మూడో రోజు బాపు చేతులు వణకడం మొదలైంది. మధ్యాహ్నానికి గోడ దిక్కు చూస్తూ, గాలిలో లేని దారాలు పట్టుకుని ముడులు వేస్తున్నాడు. "పోగు తెగింది, సాంచ ఆపుండ్రి" అని అరిచి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అమ్మను మేం అవ్వ అంటాం. నేనూ అవ్వా ఆటోలో వేసుకుని కరీంనగర్ ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఈయన నిద్రమాత్రలేమైనా వాడతారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు" అన్నాను, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

ఆమె తలకు స్కానింగ్ రాసింది. అంతలో బాపుకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. అవ్వ నన్ను పక్కకు నెట్టేసింది. "ఏం లేదే? మేడం, మందు కల్లు తాగుతడు. బందు వెట్టి మూడొద్దులాయె. దీని మాట ఇనకుండ్రి, ఇది సర్కారు లెక్కలు రాసేది!"

డాక్టరమ్మ వెంటనే ఒక సూది మందు ఇచ్చింది. కల్లులో కలిపేదానికి చుట్టమైన మందే అది. ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణం మీదికి వస్తుందనీ, రోజురోజుకూ తగ్గిస్తూ పోవాలనీ చెప్పింది. కేసు కాగితంలో నేను చెప్పిన "లేదు" కొట్టేసి "మందు కల్లు" అని రాసింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తర్వాత బాపును ఇంటికి తెచ్చాం. గడపలో కూర్చుని ఎదురింటి వైపు చూశాడు. ఆ ఇంట్లో సాంచ నడవడం లేదు. అది నడిపే ఆయన, బాపుతో కలిసి కల్లుకు పోయే ఆయన, అదే మూడో రోజున ఆసుపత్రి చేరకముందే పోయాడు.

"గా కాయితంల నేను అబద్ధం చెప్పినట్టాయె గద బిడ్డా" అన్నాడు బాపు.

"నువ్వు చెప్పలే బాపూ. కల్లుల ఏం కలుపుతరో నాకు ఎరుకే. నేనే రాయలే."

"మల్ల గాయనకేం రాసినవు?"

"ఆయనకు కూడా లేదనే రాసిన బాపూ."