రెండో గీత

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడమే తేలికనిపిస్తోంది.

మాది పాన్‌గల్ దగ్గర పల్లె. పెళ్లయి ఎన్నేళ్లయినా నా కడుపు పండలేదు. అండం విడుదలయ్యే రోజులు తెలిపే పట్టీలు వనపర్తి నుంచి తెప్పించుకుని, మూత్రంలో ముంచి, గీతల కోసం కళ్లు కాయలు కాసేలా చూసినదాన్ని. రెండు గీతలు కనబడితే చాలదు. రెండోది మొదటిదంత ముదురుగా వస్తేనే కడుపు నిలిచే మంచి రోజులు.

మా మరిది భార్య మంజుల కూడా ఆ పట్టీలే మొదలుపెట్టింది. ఏది ముదురో ఏది లేతో ఆమెకు పాలుపోయేది కాదు. మరిది హైదరాబాదులో లారీ నడిపేవాడు. ఆమె ఫోన్ చేస్తేనే ఇంటికొచ్చేవాడు. ఆమె ఫోన్ చేయాలంటే నేను చెప్పాలి.

ఒక పొద్దున పట్టీ పట్టుకుని పరుగున వచ్చింది.

"అక్కా, జర చూడు. గిది వచ్చినట్టేనా? ఆయనకు ఫోన్ చెయ్యాల్నా?"

రెండో గీత ముదురుగా, నిండుగా ఉంది. నా పట్టీ మీద ఎన్నడూ అలా రాలేదు. నా ఒళ్లు భగ్గున మండింది.

"లేదే, ఇంక లేతగనే ఉన్నది. రేపు చూద్దాం తియ్. ఉత్తగ మరిదిని పరేషాన్ చెయ్యకు."

తలూపి వెళ్లిపోయింది. అనుమానం కూడా పడలేదు.

ఆ ఒక్కసారితో ఆగానా? లేదు. ఆ తర్వాత ఎన్నో నెలలు, మంచి రోజులు దాటిపోయాకే "ఇప్పుడు పిలువు" అన్నాను. మా అత్త ఇద్దరినీ గొడ్రాళ్లని తిట్టేది. ఆ తిట్టులో నాకొక తోడు దొరికిందని లోలోపల సంతోషపడ్డాను. నాకు లేనిది ఆమెకూ ఉండకూడదనా? అవును. అంతే.

చివరికి మరిది లారీ మానేసి ఊళ్లోనే ట్రాక్టర్ పెట్టుకున్నాడు. ఇక నా మాటతో పని లేకపోయింది. ఏడాది తిరిగేసరికి మంజులకు బిడ్డ పుట్టింది.

తొట్టెల్లో వేసే రోజు, పిల్లలు లేనిది ముందు ముట్టకూడదని ముసలమ్మలు గొణిగారు. మంజుల వినలేదు. బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"మా అక్కనే ఏస్తది. నా కోసం ఎంత తండ్లాడిందో మీకేం తెల్సు?"

నేనే వేశాను. నా ఏడుపు చూసి అందరూ సంతోషమనుకున్నారు.

ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. పెద్దమ్మా అని పిలిస్తే పొంగిపోతాను. ఆ వెంటనే మంజులను చూసి కుళ్లుకుంటాను. ఆ కుళ్లు నాలో ఇంకా చావలేదు. అందుకే క్షమించమని అడగను. ఒక్కసారి నిజం బయటికి అనాలి, అంతే.

ఆ పొద్దున గీత ముదురుగానే వచ్చింది, మంజులా. నేను చూశాను.