చెల్లెలి చేతికి వెళ్ళిన గిటార్

టీచరు గారు తన గిటార్ నాకే ఇస్తారనుకున్నాను. అనుకోవడమేమిటి, మా ఇంట్లో దానికి చోటు కూడా చూసి పెట్టుకున్నాను.

గుంటూరులో మా వీధి చివరింట్లో ఉండేవారు ఆవిడ. వాళ్ళ నాన్నగారు యాభైల్లో ఎప్పుడో మద్రాసులో కొన్న గిటార్ అది. నేనూ, మా పిన్ని కూతురూ చిన్నప్పుడు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. చెల్లెలు పెళ్ళయ్యాక మానేసింది. నేను మానలేదు. ఇప్పటికీ బడిలో పాఠాలు చెప్పి రాగానే కాసేపు వాయించుకోకపోతే నాకు అన్నం సయించదు.

కిందటేడు ఆవిడ విశాఖలో తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోతూ మా ఇద్దర్నీ పిలిచారు. గిటార్ తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టారు. నా ముఖం చూసి, "నీకేం తల్లీ, నీ చేతికి ఏదిచ్చినా పలుకుతుంది. చెల్లెలు మానేసింది కదా. ఇది కళ్ళెదురుగా ఉంటే మళ్ళీ పట్టుకుంటుందేమో," అన్నారు.

మెచ్చుకోలే. కానీ నాకు ఒళ్ళు మండింది. మానకుండా వాయిస్తున్నందుకు నాకు ఒట్టి మాటలు, మానేసినందుకు దానికి గిటారూనా?

చెల్లెలు ఫోన్ చేస్తే చాలా రోజులు పొడిపొడిగా మాట్లాడాను. చివరికి ఉండబట్టలేక ఒక ఆదివారం మార్టూరు బస్సెక్కాను. మా మరిదికి అక్కడ గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్ ఉంది. వాళ్ళింట్లో తులసాకు మీద కూడా రాతిపొడే. గిటార్ పాడైపోయి ఉంటే బాగుండునని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

చెల్లెలు బీరువా పక్కనున్న పెట్టె తెరిచింది. మెత్తని పాత నేత చీర విప్పింది. తేనె రంగుకు తిరిగిన ఆ చెక్క మీద గీత లేదు, ధూళి లేదు.

"రోజూ తుడుస్తానక్కా. వాయించు, విందాం."

ఒళ్ళోకి తీసుకుని మీటాను. ఒక్క తీగ మోగితే పొట్ట దాకా వణుకు తెలిసింది. నా కొత్త గిటార్ ఎన్నేళ్ళు వాయించినా అలా పలకదు. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాను. ఆపాక చూస్తే, చెల్లెలు వంటగది గుమ్మానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వు తీసుకెళ్ళక్కా. నా దగ్గరెందుకే ఇది?"

అంత తేలిగ్గా ఇచ్చేస్తుందని నేననుకోలేదు. నోటిదాకా 'సరే' వచ్చేసింది కూడా. అంతలో టీచరు గారి మాట గుర్తొచ్చింది.

"ముందు నువ్వోసారి వాయించు," అన్నాను.

సిగ్గుపడుతూనే అందుకుంది. మొదటి పాఠం మొదలుపెట్టింది. వేళ్ళు మొద్దుబారాయి, ఒక వేలు సరిగా ఆనక తీగ గరగరమంది. నేను ఆ వేలు పట్టుకుని ముందుకు జరిపాను. మళ్ళీ మీటింది. ఈసారి చక్కగా పలికింది. చెల్లెలు నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూశాక గిటార్ అడగడానికి నాకు నోరు రాలేదు.

బస్టాండు దాకా వచ్చి దిగబెడుతూ, "వచ్చే ఆదివారం కూడా రాకూడదా? మిగతావి కూడా గుర్తుచేద్దువుగాని," అంది.

వస్తానన్నాను. ఆ గిటార్‌ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకోవచ్చన్న ఆశతోనే అన్నాను. తన కోసమే వస్తున్నాననుకుని, బస్సు కదిలేదాకా చెల్లెలు కిటికీ ఊచ పట్టుకుని సంబరంగా మాట్లాడుతూనే ఉంది.