ఓవర్ ఈజీ అంటే ఏమిటి

మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఆఫీసు క్యాంటీన్‌లో సూపర్‌వైజర్‌గా చేరడానికి నేనొక అబద్ధం చెప్పాను. పెద్ద హోటల్లో రెండేళ్లు చేశానన్నాను. నిజానికి నంద్యాలలో మా మామ టిఫిన్ సెంటర్ తప్ప నేను చూసిందేమీ లేదు.

చేరిన వారానికే మేనేజరు పిలిచాడు. "సోమవారం విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారండి. పొద్దున గుడ్లు వాళ్ల ఎదురుగానే వేసివ్వాలి. మీకు కొత్తేం కాదుగా" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. సన్నీ సైడ్ అప్, ఓవర్ ఈజీ, ఓవర్ మీడియం, ఓవర్ హార్డ్. అన్నీ పెనం మీద వేసేవేనని మాత్రం అర్థమైంది. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుంది. ఇక ఒకచోట కూర్చోలేకపోయాను. స్టోర్ రూముకీ వంటగదికీ మధ్య ఊరికే తిరిగాను. తెచ్చిన గుడ్లే మళ్లీ మళ్లీ సర్దాను.

వంట చేసే అక్కది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. అంతకుముందు ఆ బిల్డింగు కట్టిన కూలీలకు ఆమే వండిపెట్టేది.

"ఏంది తమ్మీ, గింత పరేషాన్ అయితున్నవ్?" అంది.

కాగితం చదివి వినిపించాను.

"ఒక్క గుడ్డుకు గిన్ని పేర్లా? మాకైతే ఆమ్లెట్, హాఫ్ ఫ్రై, ఫుల్ ఫ్రై. ఇగ అయిపాయె."

నాకు నవ్వు రాలేదు.

సోమవారం వరుసలో ముందు నిలబడ్డ తెల్లజుట్టు ఆవిడ "ఓవర్ ఈజీ" అంది. ఈజీ అంటే తేలికే కదా అనుకుని అక్కను హాఫ్ ఫ్రై వేయమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈసారి తిప్పి గట్టిపడేదాకా ఉంచమన్నాను. అదీ కాదంది. వెనక వరుస పెరుగుతోంది. మేనేజరు చూస్తున్నాడు. నా చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"నువ్వు జర పక్కకు జరుగు" అని అక్క ముందుకొచ్చింది. అరచేయి చూపించి, బోర్లా తిప్పింది. ఆవిడ అవునంది. ఎంతసేపు అన్నట్టు అక్క ఒక్కో వేలూ విప్పింది. మూడో వేలు దగ్గర ఆవిడ చాలంది. అక్క గుడ్డును మెల్లగా తిప్పి, మూడు లెక్కపెట్టి దించింది. ఆవిడ ఫోర్కు గుచ్చగానే పచ్చసొన ప్లేటులోకి కారింది. ఆవిడ ముఖం వికసించింది.

"గింతే గదా! అడిగితే చెప్పకపోవునా?" అంది అక్క నాతో.

టిఫిన్లయ్యాక నేనే వెళ్లి మేనేజరుకు నిజం చెప్పేశాను. "ఈ గుడ్ల పేర్లు నాకూ మొన్నటిదాకా తెలీదండి. కానీ తెలిసినట్టు చెప్పడమే తప్పు" అన్నాడు. గుడ్ల పొయ్యి అక్కకు అప్పగించి, నన్ను స్టోర్‌కు మార్చాడు.

ఉద్యోగం నిలిచింది. అయినా ఆయన అడుగుల చప్పుడు వింటే ఉలిక్కిపడడం మానడానికి నాకు చాలా నెలలు పట్టింది.