పొట్టి గుర్రానికి నాడాలు

మా అన్న పొట్టి గుర్రాన్ని చూసి ఏడ్చినంతగా నేను ఎవరి సిరిని చూసీ ఏడ్వలేదు. బోధన్‌లో ఆటలు ముగించుకుని పోతూ సర్కస్ వాళ్లు కాలు వాచిన ఆ గుర్రాన్ని వదిలేస్తే, అన్న ఇంటికి తోలుకొచ్చాడు. షెట్లాండ్ జాతి అని చెప్పారట. నా నడుము దాకా కూడా రాదు. బండికి పనికిరాదు, తిండికి మాత్రం ముందుంటుంది.

అన్నా నేనూ స్టేషన్ దగ్గర టాంగాలు తోలేవాళ్లం. నా గుర్రం నల్లది, ఎత్తరి. రుద్రూర్ దాకా పోయి వచ్చినా నురగ కక్కదు. అయినా దాని ముఖం చూసేవాడు లేడు. కాలు నయమయ్యాక పొట్టిదాని చుట్టూ మాత్రం రోజూ జనమే. అది సరే, నా కడుపు మండించింది మమ్మల్ని కన్న బాపు. ముప్పై ఏళ్లు టాంగా తోలి ఏ గుర్రాన్నీ ముద్దు చేయని మనిషి, సాయంత్రం కాగానే రుమాలులో బెల్లం ముక్క కట్టుకొచ్చి దాని నోటికి అందించేవాడు. నా నల్లది పక్కనే మెడ చాచి చూసేది.

ఆ ఏడు పశువుల ప్రదర్శన కాగితం అంటించారు. మా ఇద్దరిలో బాపు బడికి పంపింది నన్నే. అందుకని అది చదివి చెప్పమని అన్న నన్ను వెంట తీసుకుపోయాడు.

“మనదాన్ని దేంట్ల నిలవెట్టాలె తమ్మీ?”

టాంగా గుర్రాలకు ఒక పోటీ, అలంకారానికి ఒకటి, పొట్టి గుర్రాలకు వేరే. పొట్టివాటి ఎత్తు కొలుస్తారు కాబట్టి నాడాలు లేకుండా తేవాలని కింద రాసి ఉంది. మా టాంగావాళ్లకు అది వింత మాట. జాతరకు పోయినా సంతకు పోయినా ముందు కొత్త నాడాలు కొట్టించడమే మాకు తెలుసు.

“పొట్టి గుర్రాలల్ల పెట్టు,” అన్నాను. అంతవరకు నిజమే చెప్పాను.

“నాడాలు కొట్టియ్యాల్నా?”

“కొట్టియ్యి. ఉత్త కాళ్లతోని తీస్కపోతవా?”

ప్రదర్శన రోజు కొలకర్ర పట్టుకున్నాయన దాని కాళ్లు చూసి, ఇది ఇక్కడ చెల్లదు, కావాలంటే టాంగా గుర్రాల పోటీలో నిలబెట్టుకో అన్నాడు. అన్న మొండికేసి నిలబెట్టాడు. అదే పోటీకి తెచ్చిన నా నల్లదాని పక్కన దాన్ని చూసి జనం పగలబడి నవ్వారు. నాకు రెండో బహుమతి వచ్చింది. బాపు చూశాడా అని వెతికాను. ఆయన పొట్టిదాన్ని పక్కకు తీసుకుపోయి, కాలు ఒళ్లో పెట్టుకుని మేకులు పీకుతున్నాడు.

“కాయితంల గీ ముచ్చట లేకుండెనా?” అని అడిగాడు.

“లేదు బాపు. తమ్మి సదివిండు గద,” అన్నాడు అన్న.

బహుమతి చేతిలో పట్టుకుని నేను నల్లదాని దగ్గరికి నడిచాను.

మరుసటేడు కాగితం పడగానే అన్న పొట్టిదాన్ని పట్టుకుని వచ్చి మళ్లీ నన్నే పిలిచాడు. ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివాను. నాడాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది.

“పోయినేడు గూడ గిదే రాసి ఉండెనా?” అన్నాడు.

“ఉండె.”

అన్న కాసేపు పొట్టిదాని జూలు దువ్వాడు. “సరే, ముందటికి సదువు,” అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ ఓర్పు కూడా అన్నకే దక్కిందని, చదువుతూనే కుళ్లుకున్నాను.