ఊదేది ఎవరు?

సముద్రం మధ్య దీవిలోని వకోవా ఊళ్ళో పైడమ్మ వంటిల్లు తెల్లవారకముందే దగ్గడం మొదలుపెట్టేది. వానకు నానిన పుల్లల్ని పొయ్యిలోకి ఎగదోసి, మోకాళ్ళ మీద వంగి, ఊదుగొట్టం పెదవులకు ఆనించి ఆమె బుగ్గలు పూరించేది. ఊదీ ఊదీ ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, చల్లారిన టీని కూడా ఊదుకునే తాగేది.

ఆ దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది, తెలుగు పంతులైన ఆమె కొడుకు గోపాలం ఇంటికి గ్యాసు పెట్టించాడు. మిస్త్రీ మార్సెల్ సిలిండరును పెరట్లో గోడవార నిలబెట్టి, గోడకు కన్నం చేసి, రాగి గొట్టాన్ని వంటింట్లోకి లాగాడు. అతుకుల మీద సబ్బునురగ రాసి, ఎక్కడా బుడగ లేవడం లేదని చూసుకుని, అగ్గిపుల్ల గీశాడు. పొగ లేదు. నీలిమంట గుండ్రంగా లేచి నిలబడింది. పైడమ్మ ఆ రాగి గొట్టాన్ని చూసింది, తన చేతిలోని ఊదుగొట్టాన్ని చూసింది.

"ఊదేది ఎవరు?" అని గొంతు తగ్గించి క్రియోలులో అడిగింది.

"ఆ బయటున్నదే, తాంతీన్," అన్నాడు మార్సెల్, పిన్నిని పిలిచినట్టు, పనిముట్లు సర్దుకుంటూ.

బయట సిలిండరు మీద వాన కురుస్తోంది. పైడమ్మ వెళ్ళి గోపాలం గొడుగు తీసుకెళ్ళి దాని మీద విప్పి పెట్టింది. గోపాలం నవ్వబోయాడు.

"నవ్వకురా. లోపల కూచుని ఊదితేనే నాకు ఊపిరాడేది కాదు. అది వానలో నిలబడి ఊదుతోంది."