పద్నాలుగో కుర్చీ

మా పెద్దమ్మ పాలవాడిని నమ్మదు, గడియారాన్ని నమ్మదు, తాళం వేసిన తలుపుని అసలే నమ్మదు. మూడుసార్లు లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగుతుంది. "వేశావు కదక్కా" అని మా అమ్మ అంటే, "వేశానని నువ్వనుకుంటున్నావు" అంటుంది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె పురపాలక కార్యాలయంలో జనన మరణాల గుమస్తా. అక్కడ మాత్రం ఈ గుణం అక్కరకొచ్చింది. ఒకసారి ఒకాయన, అన్న పోయాడు, మరణ ధ్రువపత్రం కావాలని వచ్చాడు. తెగ కళ్లు తుడుచుకుంటున్నాడు గాని రుమాలు తడవలేదు. పెద్దమ్మ అది కనిపెట్టి, ఆ సాకూ ఈ సాకూ చెప్పి వారం రోజులు తిప్పింది. ఆ వారంలోనే పోయిన అన్నగారు నిక్షేపంగా నడిచొచ్చి, తనకి కూతురు పుట్టిందని రాయించుకెళ్లాడు. అప్పటినుంచి ఆఫీసులో అందరూ ఆమెను డిటెక్టివమ్మ అంటారు. ఆ పేరు కూడా ఎవరో కడుపుమంటతో పెట్టిందేనని ఆమె అనుమానం.

మూడేళ్ల కిందట పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. ఆఫీసు నుంచి ఇంటికి నాలుగు నిమిషాల నడక. మధ్యాహ్నం పరుగున వచ్చి ఆయనకి నాలుగు ముద్దలు తినిపించి, పక్క మార్చి, మళ్లీ పరుగున వెళ్లేది. ఆ ఉద్యోగం ఆ నాలుగు నిమిషాల మీదే నిలబడి ఉంది.

అలాంటప్పుడు కొత్త కమిషనరు వచ్చి ఆఫీసుని అద్దంలా మార్చేస్తానన్నాడు. నిజంగానే అద్దాలు పెట్టించాడు. నక్షా గీసినవాడు ఆ గడప తొక్కాడో లేదో నాకైతే నమ్మకం లేదు. లోపల బీరువాలు ఉండగానే గుమ్మాలు సన్నం చేశారు, ఇక అవి బయటికి రావు. స్విచ్చులన్నీ ఆ బీరువాల వెనక్కి పోయాయి. మరుగుదొడ్డి తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కి కొట్టుకుంటుంది, మనిషి పక్కకి తిరిగి దూరాలి. కౌంటరు ఎంత ఎత్తు కట్టారంటే, లోపల కూర్చున్నవాళ్లకి వచ్చినవాళ్ల నెత్తి మాత్రమే కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక చూస్తే మనుషులు పద్నాలుగు, కుర్చీలు పదమూడు. పద్నాలుగోది వేద్దామంటే అంగుళం చోటు లేదు. మిగిలిన ఒక్కరిని ఊరి చివరి శాఖకి పంపుతారట. రెండు బస్సులు మారాలి. ఏ కుర్చీ ముందూ లేని పేరు మా పెద్దమ్మది.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. కుర్చీల జాబితా తయారుచేసింది పెద్దగుమస్తా. ఇరవై ఏళ్లుగా పక్క బల్ల మీద పనిచేసిన మనిషి. అయినా అందరి ముందూ నిలదీసింది.

"నన్ను తప్పించి ఎవర్ని కూర్చోబెడదామనుకున్నారు? మీ బావమరిది కూతురు ఖాళీగా ఉందటగా!"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. పద్నాలుగు పేర్లు, పదమూడు సంతకాలు. ఆమె పేరు ఎదురుగా ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దమ్మకి. పనులు మొదలుకాకముందు ఆ కాగితం మూడుసార్లు ఆమె బల్ల మీదికి వచ్చింది. ఎందుకో ఏమిటో పైన ఒక్క ముక్క రాసి లేదు. బదిలీ చేయడానికే ఈ సంతకాలని తేల్చేసుకుని, మూడుసార్లూ వెనక్కి పంపింది. నక్షా గీసినవాడు సంతకాలు లెక్కపెట్టుకుని కుర్చీలు వేశాడు.

సోమవారం ఆమె తల వంచుకుని సామాను సర్దుకోవడానికి వెళ్లింది. పెద్దగుమస్తా బల్ల మీద పెద్దమ్మ రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి.

"ఆయన తనే రాసిచ్చి ఆ శాఖకి వెళ్లిపోయాడమ్మా. కాగితం మీద సంగతి రాయకపోవడం తన తప్పేనన్నాడు. మధ్యాహ్నాలు మీరు ఇంటికెళ్లకపోతే కుదరదని కూడా అన్నాడు" అని చెప్పాడు బంట్రోతు.

పెద్దమ్మ దాన్నీ నమ్మలేదు! ఇందులో ఏదో మతలబు ఉందని రెండు రోజులు వెతికింది. అక్కడ జీతం ఎక్కువేమో, ఆయన ఇల్లు అటేనేమోనని ఆరా తీసింది. జీతం అంతే. ఇల్లు ఊరికి ఈ చివర.

మూడో రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పెదనాన్నకి తినిపించింది, మూతి తుడిచింది, గిన్నె పట్టుకుని అలాగే మంచం పక్కన కూలబడింది. ఆఫీసుకి టైమైపోతున్నా లేవలేదు.

"ఊళ్లో అందర్నీ అనుమానించానే. నా మీద మాత్రం నాకు ఒక్కరోజూ అనుమానం రాలేదు" అంది నాతో. ఆమె ఏడవడం అదే మొదటిసారి చూశాను.

"వెళ్లి... చెప్పిరా" అన్నాడు పెదనాన్న, మాట కూడబలుక్కుని.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారండీ?"

ఆయన మూతి ఎడమకి వంకరపోయి ఉంటుంది. నవ్వితే ఇంకా పోతుంది. ఆయన నవ్వాడు.

"ఉన్న... మొహమే" అన్నాడు.

మర్నాడు పెద్దమ్మ సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్లింది.