రిసార్ట్‌లో దిగిన యోగం

బెంగళూరు శివార్లలోని థీమ్ పార్కు చూడ్డానికి వెళ్ళినప్పుడు, బయట లాడ్జి చాలని మా ఆవిడ అంది. పార్కు లోపలి రిసార్ట్‌లోనే దిగాలని నేను పట్టుబట్టాను. పొద్దున్నే అందరికంటే ముందు రైడ్లు ఎక్కేయొచ్చన్నది నా మహా వ్యూహం.

కానీ గది అద్దెలో టిఫిన్ కూడా కలిసి ఉంది. కట్టిన డబ్బు రాబట్టకుండా బల్ల దగ్గర్నుంచి లేచే వంశం కాదు మాది. ఇడ్లీ నుంచి పుచ్చకాయ ముక్కల దాకా దేన్నీ అవమానించకుండా తిని బయటపడేసరికి ఎండ నెత్తికెక్కింది.

మొదటి రైడ్ దగ్గరే మదనపల్లె పెద్దావిడ ఒకామె తడిసిన కొంగు పిండుకుంటూ కనిపించింది. బయట లాడ్జిలో దిగి, గేటు తీయగానే వచ్చి, నీళ్ళ ఆటలన్నీ అప్పటికే ముగించిందట.

"మీరు యాడ దిగినారప్పా?"

"లోపలే, రిసార్ట్‌లో," అన్నాను గొప్పగా.

"అంతేలే. గుడి పక్కింటోళ్ళే పూజకి ఆఖర్న వచ్చేది!"

మా ఆవిడ పగలబడి నవ్వి, ఆమెతోపాటు క్యూలో నిలబడింది. నేను పొట్ట పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను.

"ఎట్లాగూ కూర్చోనే ఉంటావు గదప్పా, మా చెప్పులు కూడా చూస్తా ఉండు," అంది పెద్దావిడ.

అంత అద్దె కట్టిన రిసార్ట్ అతిథినైన నేను, ఆ పూటంతా లాడ్జివాళ్ళ చెప్పులకు కాపలా కాశాను.